లంకదాకా వినపడిన పెట్టె

నేను ఒక స్పీకరు పెట్టెను. జంటలో ఎడమవైపు దాన్ని. రాజమండ్రిలో రేడియోలు బాగుచేసే ఒక ఇరుకు కొట్టులో పుట్టాను. ప్లైవుడ్ పలకలు కోసి, మూలలకు బంక పెట్టి, లోపల దూది పరిచి, నడుమ గుండ్రటి రంధ్రంలో నా గొంతును బిగించారు. చూడడానికి అది కాగితపు గిన్నెలా ఉంటుంది. దాని వెనక బరువైన అయస్కాంతం. ముందు నల్లటి గుడ్డ తొడిగారు. మాకు చెవులుండవని మనుషులు అనుకుంటారు. కానీ ఎవరైనా దగ్గరగా మాట్లాడితే నా కాగితం కూడా కొద్దిగా వణుకుతుంది. అలా విన్నవే ఇప్పుడు చెబుతున్నాను.

మనుషులు వంకాయ కొనేటప్పుడు ముచ్చిక చూస్తారు. స్పీకరు కొనేటప్పుడు మాత్రం ఇరుగుపొరుగు మొహాలు చూస్తారు. వాళ్ళు చిరాకు పడితే సరుకు మంచిదని లెక్క. తాతారావు మమ్మల్ని కొన్న రోజున ఎదురు కొట్టులో బట్టలు కుట్టే ఆయన మిషను ఆపి మరీ చెవులు మూసుకున్నాడు. అది చూసి తాతారావు ఎంతో సంతోషించి మమ్మల్ని బస్సు టాపు మీద ఎక్కించాడు. అతనికి అప్పటికి కొత్తగా పెళ్ళయింది.

వాళ్ళ ఇల్లు గోదావరి గట్టు కిందే. డాబా ఎక్కితే ఏరంతా కనబడుతుంది. ఏటి మధ్యలో దీవిలాంటి లంక. ఊళ్ళో చాలామంది పొలాలు ఆ లంకలోనే. తాతారావు తెల్లవారగానే పడవెక్కి వెళ్ళి, మిరప చేను చూసుకుని, అక్కడి పాకలో ఉన్న గేదెలకు మేత వేసి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేవాడు. రావాలి, అంతే. లంకలో అడుగుపెడితే అతనికి పొద్దు తెలిసేది కాదు. భార్య మంగతాయారుకేమో చల్లారిన అన్నం వడ్డించడం ప్రాణం మీదికొచ్చేది. ఆ కాపురంలో పోట్లాటంటూ ఉంటే అదొక్కటే.

"ఎన్నిసార్లు ఏడి చెయ్యను మావా ఆ పులుసు? ఇంక అది పులుసు కాదు, జిగురు."

"గట్టెక్కి ఓ కేక ఎయ్యచ్చు కదే?"

"ఏత్తే మాత్రం ఇనపడద్దా? నా గొంతు రేవు కూడా దాటదు."

అప్పుడు ఆమె చూపు మా మీద పడింది.

వాళ్ళ దగ్గర ఒక క్యాసెట్టు ఉండేది. వాళ్ళ పెళ్ళిలో వాయించిన సన్నాయి మేళాన్ని ఎవరో చుట్టం టేపులో పట్టి ఇచ్చాడు. మేళం మధ్యలో వంటవాళ్ళ కేకలు, ఒక పసిపిల్ల ఏడుపు, "అక్షింతలు ఇటు రానివ్వండయ్యా" అని ఒక పెద్దాయన గొణుగుడు కూడా అందులో పడ్డాయి. తాయారు మా ఇద్దరినీ డాబా పిట్టగోడ మీద ఏటివైపు తిప్పి నిలబెట్టి, మెట్ల గూట్లోని టేపురికార్డరులో ఆ క్యాసెట్టు పెట్టింది. లంకలో తాతారావు కలుపు తీస్తున్నవాడు తీస్తున్నట్టే ఆగిపోయాడట. తన పెళ్ళి ఏరు దాటి తనను వెతుక్కుంటూ వచ్చినట్టుందని ఇంటికొచ్చి చెప్పాడు.

ఆ రోజు నుంచి అదే ఆనవాయితీ అయింది. పులుసు దించగానే మేళం మొదలు. అది వినగానే తాతారావు లంక ఒడ్డున ఇసుకదిబ్బ ఎక్కి ఎర్ర తువాలు ఊపేవాడు. తువాలు కనబడగానే తాయారు మీట నొక్కి ఆపేది. నేను కబురు పంపగలను గాని జవాబు తేలేను. జవాబు తేవడం తువాలు పని.

రేవులో పడవ నడిపే సింహాద్రి ఊరుకునేవాడు కాదు. "ఆయ్, రోజూ పెళ్ళేనాండి మీకు? భోజనాలు మాత్రం పెట్టరేంటండి?" అని గట్టు మీంచి అరిచేవాడు.

"ముందు చదివింపులు తే, ఆనక ఇత్తరేద్దాం!" అనేది తాయారు డాబా మీంచి.

నా గొంతు ఎంత దూరం పోతుందో తెలుసుకోవాలని తాతారావుకు సరదా. మేళం మోగుతుండగా లంక లోపలికి నడుచుకుంటూ పోయి, వినపడడం ఆగిన చోట వెదురు కర్ర పాతేవాడు. ఆ కర్ర ఏనాడూ ఒకచోట నిలబడలేదు. నీళ్ళు చల్లగా ఉన్న పూట నా గొంతు ఏటి మీద జారుకుంటూ లంక అవతలి కొసదాకా పోయేది. ఎండ ముదిరితే కాలిన ఇసుక మీద పైకి లేచి ఎటో కొట్టుకుపోయేది. గాలి మా వెనక నుంచి వీస్తే మిరప చేలు దాటేది. ఎదురుగాలైతే లంక ఒడ్డు చేరడమే గగనం. పోతూ పోతూ దారిలో సగం రాలిపోయేది కూడా. పిట్టగోడ పక్కన నిలబడినవాళ్ళకు పసిపిల్ల ఏడుపు సైతం తెలిసేది. రేవు దాటేసరికి మాటలన్నీ పోయి సన్నాయీ డోలూ మిగిలేవి. కర్ర పాతే చోటికి డోలు ఒక్కటే, అదీ ఎవరో దూరాన తలుపు తడుతున్నట్టు.

పక్కింట్లో బాలింత ఉన్న నెలల్లో తాయారు మమ్మల్ని డాబా చివరి కొసకు జరిపి, వెనకవైపు పాత బొంత చుట్టేది. లంకకు పోవాల్సింది లంకకు పోయేది. పసివాడి నిద్ర చెడేది కాదు. ఇలాంటివి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఏడు శ్రావణమాసంలో ఎగువన వానలు దంచాయి. గేదెలను ఇవతలికి తోలుకొచ్చేస్తానని తాతారావు పొద్దున్నే లంకకు వెళ్ళాడు. వరద రోజుల్లో ఎవరైనా చేసే పనే. కానీ ఆ రోజు నీళ్ళు మనుషుల అంచనా కంటే ముందు నడిచాయి. పొయ్యి మీద ఎసరు కాగుతుండగానే సింహాద్రి తడిసి ముద్దయి వాకిట్లోకి వచ్చాడు.

"అమ్మా, ఎగువ నుంచి పెద్ద నీరు వచ్చేత్తందంట. పడవలన్నీ కట్టేయమన్నారు. ఆయన లంకలోనే ఉన్నారేంటండి?"

తాయారు ఎసరు దించేసింది. మా ఇద్దరినీ చెరొక చంకన పెట్టుకుని డాబా ఎక్కింది. మా నెత్తిన యూరియా సంచులు కప్పింది. చినుకు పడితే పోయే కరెంటు ఆ రోజు పోలేదు. మేళం మొదలైంది.

వాన చప్పుడు నా చప్పుడుకన్నా పెద్దది. మా మీద కప్పిన సంచుల మీదే అది డోలు వాయిస్తోంది. తాయారు పిట్టగోడ మీదికి వంగి చూసింది. లంక లేదు, ఇసుకదిబ్బ లేదు, అంతా తెల్లటి తెర. ఎర్ర రంగు ఎక్కడా కనబడలేదు. ఆమె చప్పుడు పెంచే మీటను చివరిదాకా తిప్పింది. నా గొంతు చీలింది. కుడివైపు పెట్టెకు సంచి ఎగిరిపోయి, కాగితం తడిసి, బొంగురుపోయి ఆగిపోయింది. నేనొక్కదాన్నే మిగిలాను.

"మావా! ఇనపడతందా? ఇనపడితే గుడ్డ ఊపు మావా!" అని ఆమె వానలోకి అరిచింది. కాసేపు చూసింది. మళ్ళీ అరిచింది. తరవాత ఎవరితోనో మెల్లగా చెబుతున్నట్టు, "ఇనపడలేదు," అంది. చెంగు నడుముకు దోపుకుని మెట్లు దిగింది.

కింద సింహాద్రి గొంతు వినిపించింది. "వద్దమ్మా, ఆయనకి ఈతొచ్చు. వచ్చేత్తారు. కాసేపాగండమ్మా!"

"ఇనపడుంటే గుడ్డ ఊపేవాడు కదా. గుడ్డ లేదు, సింహాద్రీ."

తాయారు రేవు పక్క ఊళ్ళో పుట్టిన మనిషి. పడవకు గెడ వేయడం చిన్నప్పటి నుంచీ వచ్చు. చిన్న పడవ విప్పుకుని వెళ్ళింది. సింహాద్రి పీకల్లోతు నీళ్ళదాకా వెంటపడ్డాడట. నేను మాత్రం మోగుతూనే ఉన్నాను. ఆపేవాళ్ళు లేరు. పెళ్ళి పూర్తయి, క్యాసెట్టు అయిపోయి, మీట టక్కున పైకి లేచింది.

ఆ తరవాత దొడ్డివైపు నుంచి గేదె అరుపు వినబడింది. మెట్ల మీద తడి కాళ్ళ చప్పుడు.

"వచ్చేశానే! మొదటి డోలు దెబ్బకే ఇనపడింది. ఇంక కిందకి దిగు, తడిసిపోతన్నావు..."

డాబా మీద మేమిద్దరం పెట్టెలమే ఉన్నాం.

మిగతాది అతను తరవాతి రోజుల్లో నా ముందు కూర్చుని చెప్పుకున్నాడు. అన్నం వేళ కాని వేళ మేళం వినబడగానే అతనికి సంగతి అర్థమైంది. దిబ్బ ఎక్కి తువాలు ఊపాడు, ఎంతసేపో ఊపాడు. నీళ్ళు పాకలోకి వస్తుంటే ఇక నిలబడలేక, లంక ఎగువ కొసకు పరిగెత్తి గేదెలను ఏట్లోకి తోలి, ఒకదాని తోక పట్టుకుని ఈదాడు. వడి అతన్ని దిగువ రేవులోకి నెట్టింది. అక్కడి నుంచి గట్టు వెంట ఇంటికి నడిచాడు. అతను నడుస్తున్నప్పుడే ఆమె పడవ విప్పింది.

వరద తీసిన తరవాత తాయారు దిగువన రెల్లు దుబ్బుల్లో దొరికింది.

మనుషులు పరామర్శకు వస్తారు. వచ్చినవాళ్ళు ఊరికే ఉండలేక ఏదో ఒకటి అంటారు. చెడ్డవాళ్ళు కాదు, మాటలకు పని కల్పించుకునేవాళ్ళు. "కాసేపు ఆగుంటే సరిపోను." "ఎప్పుడూ తొందర మనిషే, పాపం." "సింహాద్రి చెబుతానే ఉన్నాడంట." తాయారు తల్లి అచ్చాయమ్మ గోడకు ఆనుకుని ఆ మాటలన్నీ విన్నది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పెద్దకర్మ అయి, జనం పలచబడ్డాక, అల్లుణ్ణి పిలిచింది. నన్ను అప్పటికి ఆ గదిలోనే మూల పెట్టారు.

"అల్లుడుగారూ, ఒక్క మాట అడుగుతాను. నా మీద ఒట్టేసి చెప్పండి. ఆ మేళం మీకు ఇనపడిందా?"

తాతారావు నావైపు చూశాడు. నేను ఏం కోరుకున్నానో దాచను. అవునని చెప్పాలని కోరుకున్నాను. అంత వానలో, అంత ఏరు దాటి, ఒక మనిషిని బతికించి తెచ్చిన గొంతు నాది. స్పీకరుకు అంతకన్నా ఏం కావాలి? వినపడితే వినపడిందనే కదా చెప్పాలి?

అతను ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇనపడలేదు అత్తయ్యగారూ. ఆ వానకి ఏం ఇనపడుద్దండి? నీళ్ళు చూసి నేనే భయపడి బయల్దేరాను. ఆవిడ రావడంలో తప్పేం లేదు. రాకపోతే నేను లంకలోనే ఉండిపోయానేమో అని జీవితాంతం కుమిలేది."

అచ్చాయమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. తరవాత, "అయితే నా పిల్ల తొందరపడలేదన్నమాట," అంది. "కొన్ని మంచినీళ్ళు ఇప్పించండి," అంది.

అతను గ్లాసు తెచ్చి, ఆమె చేతుల కింద తన చెయ్యి పెట్టి తాగించాడు.

ఆ మాట ఊళ్ళో పాకింది. తాయారు తొందరపడిందన్న మాట ఎవరి నోటా మళ్ళీ రాలేదు. తప్పంతా నా మీదికి వచ్చింది. "పేరుకే పెద్ద పెట్టె, ఏరు కూడా దాటలేదు," అన్నాడు సింహాద్రి, తనకు తెలిసినంతలో. తాతారావు మాత్రం ఆ సాయంత్రం తువాలుతో నా గుడ్డ మీద వాన మరకలు తుడిచాడు. నుదురు నాకు ఆనించి, "ఏమీ అనుకోకు," అన్నాడు. పెట్టెకు క్షమాపణ చెప్పిన మనిషిని ఇంకెవర్నీ నేను చూడలేదు.

కుడివైపు పెట్టె అయస్కాంతం పాత సామాన్లవాడి బండిలో వెళ్ళిపోయింది. నన్ను అటక ఎక్కించారు. అచ్చాయమ్మకు వేరే దిక్కు లేదు. అల్లుడి దగ్గరే ఉండిపోయింది. అతను వండేవాడు, ఆమె ఉప్పు చాలలేదనేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవారు. నాకు అటక మీదికి ఆ గిన్నెల చప్పుడు వినిపించేది. ఇంకేమీ వినిపించకపోయినా అది వినిపించేది.

ఈమధ్య ఆమె మంచం పట్టింది. నిన్న మధ్యాహ్నం, "నా పిల్ల పెళ్ళి మేళం ఒక్కసారి ఇనాలని ఉంది బాబూ," అంది.

తాతారావు కిటికీలోంచి ఏటివైపు చూశాడు. అతని భయం నాకు తెలుసు. నేను మామూలుగా మోగితే లంకలో ఉన్నవాళ్ళు తలెత్తుతారు. సాయంత్రానికి రేవులో ఎవడో ఒకడు, "మీ పెట్టె ఇప్పటికీ లంకదాకా ఇనపడతందండోయ్," అంటాడు. ఇన్నేళ్ళు ఆమె ఆనుకుని బతికిన గోడ కూలిపోతుంది.

అతను నన్ను దించి దుమ్ము దులిపాడు. కిటికీ తలుపులు మూశాడు. ఆమె దిండు పక్కనే, చెవికి దగ్గరగా పెట్టి, మీటను వీలైనంత తగ్గించాడు. సన్నాయి ఊపిరి పీల్చినంత సన్నగా వచ్చింది. మంచం దాటి పోలేదు. పసిపిల్ల ఏడ్చింది. పెద్దాయన అక్షింతలు అడిగాడు. అచ్చాయమ్మ కళ్ళు మూసుకుని, నా గుడ్డ మీద చెయ్యి వేసి విన్నది.

"ఇంతేనా దీని గొంతు? పాపం, ఇంత సన్న గొంతు ఆ వానలో లంకదాకా ఎలా పోతుంది బాబూ? నా పిల్ల ఎల్లాల్సిందే," అంది.

"అవునండి," అన్నాడు తాతారావు.

అతని చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. ఇంకొంచెం తగ్గించాడు.