మోకాలి కింద దిండు

పక్కింటి రాజలక్ష్మిగారు అన్న మాట ఆరోగ్యమేరి నోట నా దాకా వచ్చింది. రెండిళ్ళలోనూ గిన్నెలు తోమేది ఆమే. "ఆ పిల్ల తెల్లారితే అత్త కాలు మెలిదిప్పతా ఉండాదంట అక్కా. అరుపులు గోడ దాటి వినబడతాయంట. ఆసుపత్రిలో పెద్ద మేడమ్, ఈడ రాక్షసి అంటా ఉండారు." చెబుతూ నా చేతుల వంక చూసింది.

అరుపులు నిజమే. అత్తమ్మకి ఆపరేషన్ చేసి మోకాలు మార్చారు. మార్చిన కాలు రోజూ వంచి చాపకపోతే బిగుసుకుపోతుంది. వంచితే ప్రాణం పోయేంత నొప్పి. ఆసుపత్రికి వెళ్ళడానికి పెరంబూరులో రైలెక్కేలోపు నాకు దొరికేది తెల్లవారుజామే. ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద సాంబారు, మధ్యలో అత్తమ్మ కాలు. ఆవిడ నన్నూ, నన్ను కన్నవాళ్ళనీ, మా ఊరి మెట్టచేలనీ కలిపి తిట్టేది. తిడుతూనే వంచనిచ్చేది. ఆ తిట్లు నేనెప్పుడూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది మా ఆయన కేశవ్. ఆ అరుపులేమిటని లిఫ్టులో ఎవరో అడిగారట. "పరువు తీస్తున్నావు. నీ పెత్తనం ఆసుపత్రిలో చూపించుకో. అమ్మకి నొప్పి తగ్గించే ఆ కరెంటు మిషన్ తెచ్చి పెట్టు, చాలు" అన్నాడు. మోకాలి కింద మెత్తటి దిండు తనే పెట్టాడు. దిండు పెడితే హాయిగానే ఉంటుంది, కాలు మాత్రం ఆ వంకరలోనే గట్టిపడుతుందన్నాను. హాయిగా ఉంటే నీకేం నష్టమన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో వంచడం ఆగింది, కరెంటు మిషన్ వచ్చింది. తల్లికి ఆయన చేసిన సేవంతా ఆ దిండే. రాజలక్ష్మిగారు వచ్చి, బంగారంలాంటి కొడుకని మెచ్చుకుని, నేనిచ్చిన కాఫీ తాగి వెళ్ళింది.

ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపీ విభాగానికి హెడ్‌ని. నేర్చుకున్నది చేతిపని, చేసేది సెలవులు సర్దడం, పాడైన మిషన్ల కోసం ఫోన్లు, మీటింగులు. మధ్యలో దొంగలా పరిగెత్తి ఇద్దరు రోగుల కాళ్ళు వంచి వస్తాను. మేనేజర్ కోదండరాంగారు కొత్త పద్ధతి తెచ్చారు. ఒక్కో థెరపిస్టు ఆరుగురికి ఒకేసారి కరెంటు పెట్టి పడుకోబెట్టాలి, చేత్తో వంచడం ఉండదు. వంచితే ఏడుస్తున్నారట, ఏడ్చినవాళ్ళు మనకి మార్కులు తగ్గిస్తున్నారట. ఆడవాళ్ళు కాస్త మెత్తగా ఉంటే ఎంత బాగుంటుందని కూడా అన్నారు. సోమవారం మీటింగులో నేను సరేనంటే ఇక అదే పద్ధతి.

శనివారం అత్తమ్మని చెకప్‌కి తీసుకెళ్ళాం. కాలు వంగలేదు, తిన్నగా సాగలేదు. మత్తిచ్చి వంచాల్సి రావచ్చన్నాడు డాక్టరు. కారులో కేశవ్ అన్నాడు: "ఊళ్ళోవాళ్ళందరినీ నడిపిస్తావు. ఇంట్లో ఒక్క కాలు చూసుకోలేకపోయావు."

అత్తమ్మ దిండు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నా మాట సోమవారానికి దాచుకున్నాను.

సోమవారం అందరూ కూర్చున్నాక, కోదండరాంగారు మర్యాదకి అడిగారు. "మీ అత్తగారెలా ఉన్నారు మేడమ్? మీరుండగా ఆవిడకేం, ఈపాటికి పరిగెత్తుతుంటారు."

"మనిషి పట్టుకుంటేగానీ మంచం దిగట్లేదు సార్. మా ఇంట్లోనూ మీ పద్ధతే పెట్టాం. ఎవరూ ఏడవలేదు."