ఐదో రౌండు

మూడో రౌండులో పేరుమోసిన మల్లుడు కో తూన్ నుదుటితో పొడిస్తే సూరి కనుబొమ పగిలింది. నెత్తురు దిగి ఆ కన్ను మూసుకుపోయింది. చిమిండైంగ్ రేవు పక్కనున్న రేకుల షెడ్డులో జనం కుర్చీలెక్కి ఈలలు వేశారు. సూరి అక్క భానుప్రియ తమ్ముడి మూలన తువ్వాలు పట్టుకుని నిలబడింది. అది రింగులోకి విసిరితే ఓటమి ఒప్పుకున్నట్టే.

చెప్పుకోవడానికి ఇదంతా పుణ్యకార్యమే. పిల్లల ఆసుపత్రికి దూరపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మెట్ల కింద పడుకుంటున్నారని, వాళ్లకు గదులు అద్దెకు తీసిపెట్టాలని కాలేజీలో చదివే తెలుగు పిల్లలు నడుం కట్టారు. పబేడాన్ వీధుల్లో వెండి గిన్నెలు గలగలలాడిస్తూ వారం రోజులు నిలబడ్డారు. చిల్లరే రాలింది. అప్పుడు లత పేటలో ఇనుప సామాన్ల కొట్టున్న ధనరాజ్ నోరు విప్పాడు.

"లెత్‌వే పెట్టండి. మనోడొకడు కో తూన్ ముందర ఐదు రౌండ్లూ నిలబడితే నాలుగు గదుల అద్దె ఏడాది పాటు నాను కడతాను. పడిపోతే ఏటీ లేదు."

ఊరికే ఇస్తే దానం రుచించదు కాబోలు ఆ మహానుభావుడికి! ఎవరి బిడ్డో తన్నులు తింటుంటే చూస్తూ ఇవ్వాలి.

లెత్‌వే ఇక్కడివాళ్ల ముష్టియుద్ధం, గ్లవ్స్ ఉండవు. చేతులకు గాజుగుడ్డ చుట్టుకుని పిడికిలి, మోచెయ్యి, మోకాలు, తల, దేనితోనైనా కొట్టుకోవచ్చు. రెండేళ్లు నేర్చుకున్న సూరి "నానుంటాను" అన్నాడు. వాడి పేరు కాగితం మీద రాసింది అక్క భానుప్రియే. రాసిన ఆ చేతిని ఇప్పుడు నరుక్కోవాలనిపించింది ఆమెకు.

నాలుగో రౌండులో రింగు పక్కన వాయించే సన్నాయి, డోళ్ల హోరు పెరిగింది. కో తూన్ సూరి మెడ వంచి పట్టుకుని మోకాలితో డొక్కలో మూడుసార్లు కుమ్మాడు. సూరి కూడా ఊరుకోలేదు. వాడి దెబ్బకు కో తూన్ పళ్లు ఎర్రబడ్డాయి. ఆ మరుక్షణమే అతని మోచెయ్యి వచ్చి సూరి దవడ మీద పడింది. వాడు నిలువునా కూలాడు.

పడ్డవాణ్ణి రెండు నిమిషాల్లో తనవాళ్లు లేపుకోగలిగితే ఆట సాగుతుంది. భానుప్రియ కంటే ముందే చిలకమ్మ తాళ్ల కింద నుంచి రింగులోకి దూరింది. ఆమె కూతురు ఆశకు ఆరేళ్లు, రెండు కిడ్నీలూ చెడ్డాయి. ఆసుపత్రి మెట్ల కింద వానకు తడిసి పిల్లకు జ్వరం పట్టుకుంది. పొడి చోట ఉంచకపోతే దక్కదని డాక్టరు చెప్పేశాడు.

"లెగు బాబూ, లెగు! ఇంకొక్క రౌండే!" చిలకమ్మ సూరి చెంపలు వాయించింది, చెవి కొరికింది, ముఖాన నీళ్లు కుమ్మరించింది.

"ఒగ్గీ పిన్నీ, సచ్చిపోతాడు!" భానుప్రియ ఆమె జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. తువ్వాలు విసరబోతే చిలకమ్మ దాన్ని లాక్కుని గుండెలకు అదుముకుంది.

"మరి నా పిల్లనేటి సెయ్యమంటావు? సెప్పు!"

భానుప్రియ చిలకమ్మ చెంప ఛెళ్లుమనిపించింది. ఎవరి కోసం గిన్నె పట్టుకుని వీధుల్లో నిలబడిందో ఆ మనిషినే కొట్టింది. సిగ్గు కూడా వెయ్యలేదు.

సూరి ఒంటి కన్ను తెరిచి మోచేతుల మీద లేవబోయాడు. నోట్లోంచి నెత్తురు తీగలా సాగింది. వాడు లేస్తే మళ్లీ కొడతారు. భానుప్రియ తువ్వాలు గుంజుకుని రిఫరీ కాళ్ల దగ్గరకు విసిరేసింది. రిఫరీ చేతులు ఊపాడు. ఆట ఆగిపోయింది. ముందు వరసలో ధనరాజ్ లేచి, చొక్కా దులుపుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

"అయిపోనాదేటి, అప్పా?" అన్నాడు సూరి.

"అయిపోనాదిరా. ఐదు రౌండ్లూ నిలబడ్డావు." అంత మంది ముందు, అంత పెద్ద అబద్ధం ఆమె ఎప్పుడూ ఆడలేదు.

పగిలిన పెదవులతో నవ్వాడు వాడు. తల తిప్పి చిలకమ్మను వెతుక్కున్నాడు. "పిన్నీ, గది దొరికినాది కదా?"

చిలకమ్మ బుగ్గ మీద వేళ్ల అచ్చులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నిజం చెప్పెయ్యడానికి ఆమెకు ఎంతైనా హక్కుంది. భానుప్రియ రెండు చేతులూ జోడించింది. చిలకమ్మ ఆ చేతుల వంక చూడనైనా లేదు. సూరి పక్కన చతికిలబడి, వాడి కంటి నెత్తురు కొంగుతో మెల్లగా తుడిచింది.

"దొరికినాది నాయినా," అంది. "పిల్లకి ఇంక వాన తగల్దు."