ముఖం కిందికి కుట్టిన పందిరి

బుధవారం మధ్యాహ్నం ఒక గంట సేపు చేపపిల్లకి బరువు ఉండేది కాదు.

చేపపిల్ల అంటే దర్జీ తాత మనవరాలు. తొమ్మిదేళ్ళది. అసలు పేరు బడి పుస్తకంలో ఉంది, ఇంట్లో ఎవరికీ దాంతో పనిపడలేదు. ఆ పిల్లకి వచ్చిన జబ్బు పేరు పలకాలంటే నాలుక మూడు మలుపులు తిరగాలి. లక్షమందిలో ఒకరికి కూడా రాదట. అమ్మ దగ్గర సగం, నాన్న దగ్గర సగం దాక్కుని ఉండి, పిల్లలో వచ్చి కలుసుకుందట. డాక్టరు బొమ్మ గీసి చెప్తుంటే కొడుకూ కోడలూ తలలూపారు గానీ, తాతకి మాత్రం బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాక తెలిసింది. నేసేటప్పుడే ఒక పోగు తప్పిపోయింది. అంతే. మగ్గం మీద తప్పిన పోగుని ఏ దర్జీ కూడా తెచ్చి పెట్టలేడు.

పిల్లకి మెడ నిలవదు. చేతులు ఒడిలోంచి లేవవు. వెనక్కి వాల్చిన చక్రాల కుర్చీలో పడుకుని లోకాన్ని కింది నుంచి పైకి చూస్తుంది. ఎవరైనా ఇంటికొస్తే ముందు వాళ్ళ గడ్డాలు గుర్తుపడుతుంది.

కొడుకు బస్సు నడుపుతాడు. కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. అందుకని బుధవారం కొట్టు మూసి, కుర్చీ తోసుకుంటూ నీళ్ళ గదికి తీసుకెళ్ళేది తాతే. ఇలాంటి జబ్బుతో పుట్టిన పిల్లల ఇళ్ళవాళ్ళు పదకొండుమంది ఒక సంఘంగా చేరి, ఒక పాత భవనంలో ఆ గదిని అద్దెకి తీసుకున్నారు. అందులో గోరువెచ్చని నీళ్ళ తొట్టి, చిన్న వాకిలంత ఉంటుంది. నీళ్ళ టీచరు పిల్ల తల కింద అరచెయ్యి పెట్టి మెల్లగా వదిలేది. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత వేళ్ళు కదిలేవి. తర్వాత మోచెయ్యి. ఆ తర్వాత చెయ్యి మొత్తం, ఎవరో పేరు పెట్టి పిలిస్తే నిద్రలోంచి లేచినట్టు, తనంతట తాను పైకి తేలి వచ్చేది.

తాత పంట్లాం మోకాళ్ళదాకా మడిచి గట్టు మీద కూర్చునేవాడు. చెయ్యి పైకొచ్చే ఆ క్షణంలో ఊపిరి బిగబట్టేవాడు. ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఆయన దగ్గర మాటలు తక్కువ. ఉన్నవి కూడా కొలతలకే సరిపోయేవి.

"తాతా, నీళ్ళకి నా బరువు తెలీదు."

"ఊ."

"కానీ పైకప్పు బోసిగా ఉంది. తడి మరకలు పదిహేడు. అన్నీ చూసేశాను. ఇంక చూడ్డానికేం లేదు."

"ఊ," అన్నాడు తాత. ఆ మాట మాత్రం జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాతి బుధవారం నీళ్ళు చల్లగా ఉన్నాయి. నీళ్ళు కాచే బాయిలరు చచ్చిపోయిందని సంఘం పెద్దావిడ చెప్పింది. కొత్తది కొనాలి. ఆరు వారాల్లో కొనలేకపోతే భవనం వాళ్ళు గదిని గోడౌను కింద తీసుకుంటారు. చల్లటి నీళ్ళలో ఈ పిల్లల కండరాలు కర్రల్లా బిగుసుకుపోతాయి. కుర్చీ తోసుకుంటూ వెనక్కి వస్తుంటే తాతకి దారి పొడుగునా గుండెల్లో ఎవరో రాయి పెట్టినట్టే ఉంది.

ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ అందరూ చేరారు. తాత కూతురు, అంటే చేపపిల్ల మేనత్త, కూడా వచ్చింది. ఆవిడ పక్క వీధిలో జుట్టు కత్తిరించే పార్లరు నడుపుతుంది. కత్తెరకీ నోటికీ ఒకే పదును.

"చందాలకి నేను పాటకచ్చేరీ పెడతాను," అంది మేనత్త.

"పెట్టక్కా," అన్నాడు ఆవిడ తమ్ముడు, చేపపిల్ల నాన్న. "వినడానికి ఒక టిక్కెట్టు. మధ్యలో లేచిపోవాలంటే రెండు. బాయిలరు ఏం ఖర్మ, భవనమే కొనేయొచ్చు."

"ఒరేయ్, నువ్వు పరుగు పందెం అన్నావే, ఆ సంగతి చెప్పు. బస్సు దిగి నాలుగు మెట్లెక్కితే రొప్పుతావు. నువ్వు పరిగెడితే వచ్చిన చందా నీ ఆసుపత్రికే చాలదు."

"పోనీ నేను కేకులు చేసి అమ్మనా వదినా?" అంది కోడలు.

అందరూ ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకున్నారు. పోయినసారి ఆవిడ చేసిన కేకు ఇప్పటికీ వెనక తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డుగా పనిచేస్తోందని మొగుడు గొణిగాడు. కోడలు చూసిన చూపుకి మిగతా మాట మింగేశాడు.

"తాతనడగండి," అంది కుర్చీలోంచి చేపపిల్ల.

అందరూ ఆయన వైపు తిరిగారు. తాత జేబులోంచి నాలుగు గుడ్డముక్కలు తీశాడు. నాలుగు రంగులు. బల్ల మీద అంచుకి అంచు కలిపి పరిచాడు. పైన అరచెయ్యి చాపి గాలిలో పట్టుకున్నాడు.

"పందిరి," అన్నాడు.

తండ్రి మాటకి అర్థం విప్పడంలో మేనత్త చెయ్యి తిరిగింది. ఇంటింటికీ వెళ్ళి ఒక గుడ్డముక్కా కొంత చందా అడగాలి. ఇచ్చినవాళ్ళ పేరు ఆ ముక్క మీద దారంతో కుట్టాలి. అన్నీ కలిపి ఒక పెద్ద పందిరి చేసి, ఆదివారం వీధి బజారు నాడు ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య కట్టాలి. ఆవిడ అక్కడితో ఆగలేదు.

"మన వీధిలో అన్నీ మూడంతస్తుల ఇళ్ళు. బాల్కనీలోంచి తొంగిచూస్తే కింద ఎవరి పేరు వాళ్ళకి పూలతోటలా కనిపించాలి. అదీ చూపించి చందా అడుగుతాను. పేర్లు పైకుండాలి నాన్నా. ఆకాశం వైపు. వింటున్నావా?"

"ఊ."

గుడ్డలు వచ్చాయి. అరిగిపోయిన కర్టెను ముక్క వచ్చింది. ఎవరిదో చిన్నప్పటి గౌను వచ్చింది. పోస్టాయన పాత సంచీ కోసి ఇచ్చాడు. మూల మీది రొట్టెల కొట్టాయన ఏకంగా తన తండ్రి కట్టుకున్న ఏప్రాను తెచ్చాడు. అందరికంటే నాలుగింతలు చందా ఇచ్చి, "నా ముక్క నడిమధ్యన ఉండాలి పెద్దాయనా, పేరు మూడో అంతస్తుకి కనబడాలి," అన్నాడు.

తాత చదివింది మూడో తరగతి లోపే. చీటీ మీద పేరు చూసి చేపపిల్ల అక్షరం అక్షరం చెప్పేది, తాత సుద్దతో గీసి, దాని మీద కుట్టేవాడు. నెల రోజులు కొట్టులో ఇదే పని. మిషను చప్పుడు వాన పడుతున్నట్టు ఉండేది. పందిరి పెరిగేకొద్దీ బల్ల దిగి, నేల దాటి, పిల్ల కుర్చీ మీదికి పాకింది. చివరికి ఆ పిల్ల గడ్డం దాకా రంగుల్లో మునిగి, కళ్ళు మూసుకుని, "అల వచ్చింది తాతా," అనేది. తాత పెడలు తొక్కేవాడు. ఇంకో అల వచ్చేది.

ఆఖరి రోజున తాళ్ళు కట్టడానికి అంచుల చుట్టూ నలభై ఎనిమిది ఉచ్చులు కుట్టాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఆయన కొట్టులో లేడు. గోరువెచ్చని నీళ్ళ గట్టు మీద ఉన్నాడు. చేతులు వాటి దారిన అవి కుట్టుకుంటూ పోయాయి.

ఆదివారం పొద్దున్న కొడుకూ, పోస్టాయనా నిచ్చెనలు వేసి పందిరిని రెండో అంతస్తుల మధ్య లాగి కట్టారు. మేనత్త మూడో అంతస్తు బాల్కనీలోకి పరిగెత్తి వంగి చూసింది.

"నాన్నా! తిరగబడింది!"

పై నుంచి చూస్తే ఒక్క పేరూ లేదు. కుట్టు మడతలు, తెగిన దారాలు, వెనక ముఖాలు. పేర్లన్నీ కింద రోడ్డు వైపు చూస్తున్నాయి.

తాతకి వెంటనే అర్థమైంది. నలభై ఏళ్ళుగా ఎన్ని పందిళ్ళు కుట్టాడో. ఏ పందిరికైనా మంచి ముఖం కిందికే, కూర్చున్నవాళ్ళ వైపే ఉంటుంది, ఉచ్చులు వెనక వైపు వేస్తారు, తిరగేసి కడితే బరువుకి అవి ఊడిపోతాయి. కూతురు చెప్పింది చెవికి తెలుసు. చేతులకి ఎవరూ చెప్పలేదు.

బాల్కనీల్లో గొణుగుడు మొదలైంది. రొట్టెల కొట్టాయన మోచేతులదాకా పిండితోనే దిగి వచ్చాడు.

"ఏంటి పెద్దాయనా ఇది? నాలుగింతలు ఇచ్చింది దారాల చివర్లు చూడ్డానికా? మా బంధువులంతా పై అంతస్తులో కాచుక్కూర్చున్నారు!"

"తప్పు నాదే," అన్నాడు తాత. "విప్పి కుడతాను."

"ఎప్పటికి?"

"సాయంత్రానికి."

"బజారు ముగిశాక నా పేరు కాకులకి చూపిస్తావా? నా చందా నాకు ఇచ్చెయ్యి."

పక్కన ఇంకో ఇద్దరు తలలూపారు. ఒకరు వెనక్కి అడిగితే అందరూ అడుగుతారు. తాత కుట్లు విప్పే కత్తి జేబులోంచి తీశాడు గానీ, అది చేజారి కింద పడింది. వంగి తీసుకుంటుంటే చల్లటి నీళ్ళే కళ్ళముందు ఆడాయి. వాటిలో కర్రలా బిగుసుకున్న చిన్న చెయ్యి.

"విప్పొద్దు తాతా," అంది చేపపిల్ల.

కోడలు ఆ పిల్ల కుర్చీని ఎండ తగలకుండా పందిరి కింద నిలిపింది. పిల్ల ముఖం మీద ఎరుపూ ఆకుపచ్చా నీలం మెల్లగా కదులుతున్నాయి.

"నాకన్నీ కనబడుతున్నాయి. రొట్టెల మామా, మీ ముక్కలో ఇంకా పిండి ఉంది. నేతలో ఇరుక్కుంది. ఎండ పడితే చుక్కల్లా మెరుస్తోంది."

"మా నాన్న ఏప్రానులోనా?" ఆయన తల ఎత్తాడు. "ఎక్కడ? మెడ పట్టేస్తోందే గానీ ఏం కనబడదే."

"నిలబడితే కనబడదు. నాలాగ పడుకోవాలి."

వీధి వీధంతా చూస్తోంది. ఆయన అటూ ఇటూ చూశాడు. ఇంత దూరం వచ్చి వెనక్కి తగ్గడానికి మొహమాటం కాబోలు, ఉసూరుమంటూ నడిరోడ్డు మీద కూర్చున్నాడు. తర్వాత పిల్ల కుర్చీ పక్కనే వెల్లకిలా పడుకున్నాడు.

గాలి పందిరి కిందికి దూరి దాన్ని నెమ్మదిగా పైకి ఎత్తి, నెమ్మదిగా దించింది. ఎవరో పెద్ద మనిషి నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. రంగులు ఆయన పొట్ట మీదుగా, పిండి చేతుల మీదుగా జారిపోయాయి.

"అవునే," అన్నాడు చివరికి, చిన్నపిల్లాడి గొంతుతో. "ఉంది. నాన్న ఇలాగే, భుజాలు పిండితో తెల్లగా ఇంటికి వచ్చేవాడు."

అంతే. మరి రెండు నిమిషాలకి గురక వినబడింది. రోజూ తెల్లవారుజామునే లేచి పొయ్యి వెలిగించే మనిషి.

"ఇదిగో, ఈయన పాట నా పాట కంటే బాగుంది," అంది మేనత్త. బాల్కనీల్లో నవ్వులు పేలాయి. ఒక్కొక్కరే దిగి వచ్చారు. చాపలు వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి. పోస్టాయన తన సంచీ ముక్క కోసం వెతుక్కుంటూ పడుకున్నాడు. గౌను ఇచ్చిన ఆవిడ ఆ గౌను కింద పడుకుని కళ్ళు తుడుచుకుంది. చేపపిల్ల దారి చెబుతోంది, "పోస్టు మామా, ఎడమకి. ఇంకొంచెం. ఆ, మీ ముక్కు పైనే."

మేనత్త ఊరుకుంటుందా? వెంటనే ఒక కుర్చీ వేసుకుని కూర్చుంది. అరగంట పడకకి ఒక టిక్కెట్టు. గురకకి అదనం. పక్క వీధుల వాళ్ళు కూడా వరసలో నిలబడ్డారు. రొట్టెల కొట్టాయన మేలుకున్నాక చందా మాట ఎత్తలేదు. ఇంకో అరగంటకి టిక్కెట్టు అడిగాడు.

బాయిలరు కొత్తది రాలేదు. ఎవరో వాడినది, కానీ గట్టిది, గడువుకి రెండు రోజుల ముందు వచ్చింది. కొడుకూ కోడలూ సెలవు పెట్టి దాన్ని చూడ్డానికి వచ్చారు, పెళ్ళికూతుర్ని చూసినట్టు చుట్టూ తిరిగి చూశారు. పందిరిని నీళ్ళ గది కప్పుకి కట్టారు. ఉచ్చులు వెనక వైపు ఉండడం వల్ల ఒక్కటి కూడా మార్చనక్కర్లేకపోయింది.

ఆ బుధవారం నీళ్ళలోంచి ఆవిరి సన్నగా లేస్తోంది. చేపపిల్ల చెవులదాకా నీళ్ళలో ఉంది. వేళ్ళు కదిలాయి. మోచెయ్యి కదిలింది. తాత ఊపిరి బిగబట్టాడు. గట్టు అవతల నిలబడ్డ కోడలు మొగుడి చొక్కా పట్టుకుంది. చెయ్యి తేలి పైకి వచ్చింది.

"తాతా, మూలనున్న ఆ బూడిదరంగు ముక్క మీద పేరు లేదేం? ఎవరిది?"

తాత తల వెనక్కి వంచాడు. గట్టు మీంచి మూల కనబడలేదు.

"అక్కణ్ణుంచి కనబడదు," అంది పిల్ల.

అది తాత పాత చొక్కా ముక్క. పేరు కుట్టుకోవడానికి సిగ్గేసి వదిలేశాడు. చొక్కా విప్పి, మడతపెట్టి గట్టు మీద పెట్టాడు. పంట్లాంతోనే తొట్టిలోకి దిగాడు. ఇన్ని బుధవారాలూ పాదాలు తప్ప ఏదీ తడపని మనిషి. నీళ్ళ టీచరు ఒక చెయ్యి ఆయన తల కింద పెట్టింది.

"భయపడకు తాతా, మునగవు," అంది చేపపిల్ల.

"ఊ," అన్నాడు తాత. కాళ్ళు నేలని వదిలాయి. చెవుల్లో నీళ్ళు చేరి గదిలోని చప్పుళ్ళన్నీ దూరమయ్యాయి. పైన బూడిదరంగు ముక్క కనిపించింది.

"నాదే," అన్నాడు.