మాటకో మనిషి

ఈజిప్టులోని దుమ్యాత్‌లో వడ్రంగుల వీధి పిల్లలకి ఇంగ్లిష్ రావాలంటే ఫక్రీ గారి మేడ ఎక్కాల్సిందే. అందరూ ఆయన్ని మిస్టర్ ఫక్రీ అంటారు. ఏ కొత్త మాట వచ్చినా ఆయన దాన్ని క్లాసులో ఎవరో ఒకరికి అంటగట్టేస్తాడు. బద్ధకానికి ఒకడు, అత్యాశకి ఒకతి, మాటకో మనిషి. నవ్వీ నవ్వీ పిల్లలు ఇక ఆ మాటని చచ్చినా మరిచిపోరు. మార్కులూ అలాగే వస్తాయి. అందుకే తల్లులకి ఆయనంటే అంత గౌరవం. తమ బిడ్డకి తగిలిన రోజు మాత్రం ఇంట్లో కూర్చుని తిట్టుకుంటారు, మర్నాడు మళ్ళీ వాళ్ళే పంపిస్తారు. ఏం మనుషులో!

నజాత్‌కి తగిలిన మాట ఇన్‌డెలిబుల్. అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల. ఆ రోజు పాఠం చెరగని వాటి గురించి. పర్మనెంట్ అయింది, ఎటర్నల్ అయింది. తర్వాతి మాట రాయమని నజాత్‌ని బోర్డు దగ్గరికి పిలిచాడు. ఆమె అటు తిరిగి రాస్తుంటే గౌను వెనక ఎర్రటి మరక. అదేమిటో ఆ పిల్లకే తెలియదు. మొదటిసారి.

"మందార షర్బత్ మీద కూర్చున్నావుటే? చూడండర్రా, ఎంత ఉతికినా పోని మరక. దీన్నే ఇన్‌డెలిబుల్ అంటారు!"

మగపిల్లలు పడీ పడీ నవ్వారు. ఆడపిల్లలు తలలు దించుకున్నారు. ఆయన తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఆ మహానుభావుడికే తెలియాలి. వీధికి మాత్రం అదే ఆమె పేరైపోయింది. పెళ్ళి నాడు డప్పులవాడు మైకులో ఆ పేరే చదివాడు. అర్థం తెలియని ముసలమ్మలూ అదే పిలుపు. మొగుడికి కోపమొచ్చినా అదే, ముద్దొచ్చినా అదే. నజాత్‌ని నజాత్ అని పిలిచే మనిషి ఆ వీధిలో పక్కింటి కరీమా ఒక్కతే.

ఇప్పుడు నజాత్ కూతురు రావియా అదే మేడ ఎక్కుతోంది. ఏడాదిగా ఆ పిల్ల మెడ మీద తెల్లమచ్చలు లేచాయి. మొదట పప్పుగింజంత, ఇప్పుడు అరచేయంత. ఎన్ని మందులు పూసినా లొంగలేదు. ఒకరోజు కూతురి పుస్తకం తిరగేస్తుంటే తర్వాత చెప్పబోయేది ఆ చెరగని వాటి పాఠమేనని కనపడింది. నజాత్ పుస్తకం మూసేసింది.

"దాన్ని ఈ వారం పంపను," అంది మొగుడితో.

"పంపకపోతే పరీక్ష ఎవరు రాస్తారు, మీ నాన్నా? నీకూ తగిలిందిగా, చచ్చిపోయావా?" అన్నాడతను.

చచ్చిపోయి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకుందో అతనికేం తెలుసు! మర్నాడు పొద్దున్నే రవ్వతో బస్బూసా మిఠాయి చేసి, పళ్ళెం పట్టుకుని మేడ ఎక్కింది.

"మిస్టర్, నేను మీ దగ్గర చదువుకున్నదాన్ని. నాకో మాట ఇచ్చారు."

"ఏ మాట?"

ఆమె తన నోటితో ఆ మాట ఎప్పుడూ పలకలేదు. ఇప్పుడు పలికింది.

"అర్థం?" అన్నాడు ముసలాయన, బెత్తం ఎత్తినట్టు వేలెత్తి.

"చెరగనిది."

ఆయన మొహం వెలిగిపోయింది. "శభాష్! ఇన్నేళ్ళయినా! చదువు చెప్పడమంటే ఇదీ! ఇంతకీ నీ పేరేంటి తల్లీ?"

మరకా గుర్తులేదు, మనిషీ గుర్తులేదు. నజాత్‌కి ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం తీసి ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. కానీ వచ్చింది బిడ్డ కోసం.

"రావియా నా కూతురు. దాని మెడ మీద మచ్చలున్నాయి. ఆ పాఠం రోజున దాని జోలికి రాకండి. మీ చెయ్యి ముద్దు పెట్టుకుంటా."

"అంతేనా? కానీ మాట గాల్లో వేలాడదు కదమ్మా, ఎవరో ఒకరు కావాలి. సరే, ఆ రోజు మాట ఇచ్చే పని మీ అమ్మాయికే అప్పజెప్తాను. ఎవరికి ఇస్తుందో ఇచ్చుకోనీ. సంతోషమేనా?"

అంటే ఇంకొకరి బిడ్డకి. ఆ సంగతి నజాత్‌కి అక్కడే, అప్పుడే అర్థమైంది. "దేవుడు మీకు ఆయుష్షివ్వాలి," అని దిగి వచ్చేసింది.

పాఠం అయిన రోజు సాయంత్రం రావియా గుమ్మంలోంచే కేకపెట్టింది. "అమ్మా, నాకేం తగల్లేదు!"

నజాత్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. కూతుర్ని గుండెలకి హత్తుకుంది. "మరి ఎవరికిచ్చావ్?"

"నిస్మాకి. పర్మనెంట్."

నిస్మా కరీమా కూతురు. తండ్రికి కొట్లాటలో మనిషిని చంపినందుకు యావజ్జీవం పడింది.

"నిస్మాకా? ఎందుకే?"

"ఎప్పటికీ పోనిది ఎవరి దగ్గరుందో చెప్పమన్నాడు మిస్టర్. నేను ఆలోచిస్తుంటే అందరూ నా మెడకేసి చూడ్డం మొదలెట్టారు. వాళ్ళ నాన్న జైలు పర్మనెంట్ అనేశా. ఒకటే నవ్వు! పండక్కి వచ్చేస్తాడని అది అరిచింది, ఇంకా నవ్వారు."

చెంప పగలగొట్టాల్సింది. నజాత్ చెయ్యి ఎత్తింది కూడా. ఆ చెయ్యి వెళ్ళి కూతురి మెడ నిమిరింది. సంతోషంగా ఉంది ఆమెకి, సిగ్గులేని సంతోషం. వేయించిన చేపలో మంచి ముక్క తీసి కూతురి కంచంలో వేసింది.

మర్నాడు రొట్టెల కొట్టు దగ్గర వరసలో కరీమా కలిసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. సందులో పిల్లలు అప్పుడే పర్మనెంట్, పర్మనెంట్ అని అరుస్తున్నారు.

"నజాత్, నీ కూతురికి చెప్పవే. మేడ మీద అందరి ముందూ, ఉత్తినే అన్నాను, అది నిస్మా మాట కాదు అనమను. వాళ్ళ నాన్న పండక్కొస్తాడని నేనే చెప్పుకొస్తున్నా. రాడా అమ్మా, రాడా అని ఒకటే అడుగుతోంది. అన్నం ముట్టట్లేదే. నీకు తెలీనిదేముంది?"

తెలుసు. నజాత్‌కి తెలిసినట్టు ఆ వీధిలో ఇంకెవరికి తెలుసు! కానీ నిస్మా మీంచి తీస్తే ఆ మాట మళ్ళీ ఎక్కడ వాలుతుంది? అందరి చూపూ మళ్ళీ ఎటు పోతుంది?

"పిల్లల మాటలు కరీమా, పట్టించుకోకు," అంది నజాత్. "నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు."

కరీమా ఆమె మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. "నువ్వా ఈ మాట అనేది?" అంది.

నజాత్ తన రొట్టెలు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.