విజిల్ తర్వాత

ఆ శనివారం ఏం జరిగిందో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ నిలబడ్డ ఎనిమిది వేలమందీ చూశారు. రిఫరీ విజిల్ ఊదాడు. అందరూ ఆగారు. పుట్టుచెవుడున్న ఆమోస్ ఒక్కడే బంతితో దూసుకుపోయాడు. జట్టువాళ్లు ఆగమని చేతులూపారు, కానీ వాళ్లంతా అతని వెనకున్నారు. అప్పటికే ముందుకు దూకిన గోల్‌కీపర్ మోకాలు అతని కడుపులో దిగింది. సోమవారం ప్రాణం పోయింది.

బుధవారం అతని భార్య హెస్టర్ పరిహారం అడగడానికి క్లబ్బుకు వెళ్లింది. క్లబ్బు యజమాని థ్రెల్‌ఫాల్ దొరే ఆమె నేసే మిల్లుకూ యజమాని.

"విజిల్ పడ్డాక ఆట లేదు. ఆట లేకపోతే పనీ లేదు. నీ మొగుడు మా పనిలో చావలేదు."

"మరెవరి పనిలో చచ్చాడు దొరా? తొమ్మిదేళ్లు మీ చొక్కా తొడుక్కున్నాడే!"

"చెవిటివాణ్ణి పెట్టుకోవడమే మా దయ."

మర్నాడు హెస్టర్ మగ్గం దగ్గర నిలబడింది. ఆ మోతలో మాట వినబడదు; అక్కడి ఆడవాళ్లు పెదాలతోనే మాట్లాడుకుంటారు. ఊరంతా అలాగే మాట్లాడుతుంది గనకే ఆమోస్ ఆ ఊళ్లో ఇమిడిపోయాడు.

పక్క మగ్గం కెజియా పెదాలు కదిపింది. "ఏమన్నాడే?"

"పనిలో చావలేదట."

"వాడి మీసం తగలెయ్య! మా ఆయన చెయ్యి పోయినప్పుడూ ఇదే కూత. మగ్గం ఆగి ఉందన్నాడు!"

"పనిలోనే చచ్చాడని వాడి నోటితో చెప్పించాలక్కా."

మాట మగ్గం నుంచి మగ్గానికి పాకింది. మేస్త్రీ వరసల మధ్యే తిరుగుతున్నాడు. గుడ్డలో తప్పులు వెతికే మనిషి, ఒక్క మొహమూ చూడలేదు.

సాయంత్రం జట్టు కెప్టెన్ జేబెజ్ ఇంటికొచ్చాడు.

"వదినా, మేం ఆడం. ఆటగాళ్ల సంఘంలో తీర్మానించాం. క్లబ్బువాళ్లు తీసేస్తామన్నారు. తియ్యనీ."

"ముగ్గురు పిల్లలున్నవాడివి కదయ్యా!"

అంటూనే హెస్టర్ తన పెదాలు కనబడేలా దీపం దగ్గరకు జరుపుకుంది. జేబెజ్‌కు చెవులున్నాయి. దీపం ఎవరికోసం జరిపిందో గుర్తొచ్చి అక్కడే కూలబడింది. జేబెజ్ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

శనివారం గేట్లు తెరిచారు. ఒక్కరూ లోపలికి పోలేదు. వీధి నిండా జనం. ముందు వరసలో జట్టు పదిమంది. గుర్రాల మీద పోలీసులు. థ్రెల్‌ఫాల్ మెట్ల మీదికొచ్చాడు.

ఒక్క గొంతూ లేవలేదు. హెస్టర్ పెదాలు కదిలాయి. ఆమె వెనక నాలుగు వందలమంది ఆడవాళ్ల పెదాలు కదిలాయి. తర్వాత వీధంతా.

మా ఆమోస్ పనిలోనే చచ్చాడు.

"ఏమంటున్నారు వీళ్లు?" మగ్గాల మోతలో ఎన్నడూ నిలబడని దొర పోలీసు అధికారిని అడిగాడు. బయటి ఊరినుంచి వచ్చిన అతనికేం తెలుసు? "గట్టిగా చెప్పండి! ఏమంటున్నారు?"

పోలీసు చెయ్యి హెస్టర్ భుజమ్మీద పడింది. ఆమె దొర మీంచి చూపు తిప్పలేదు. మళ్లీ మొదటినుంచి, ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా చెప్పింది.