తలకిందులైన రాతిముక్క

కొండలోకి బోరు వేసి తీసిన రాతి కడ్డీల పెట్టెలతో వస్తున్న లారీ మలుపులో ఒరిగి, పెట్టెలన్నీ బోర్లాపడ్డాయి. డ్రిల్లర్ మామయ్య ముక్కలన్నీ ఏరి, అతికే చోటల్లా అతికించి, ప్రతి ముక్కకూ ఏది కిందికొసో మార్కర్‌తో బాణం గీసి మరీ క్యాంపు షెడ్డుకు పంపాడు. ఆయన ఇంత శ్రద్ధ తన పెళ్లిలో కూడా చూపలేదని అత్తయ్య అంటుంది.

షెడ్డులో జియాలజిస్టు ఆయన మేనకోడలే. కొండ లోపల రాగి ఖనిజపు చార తూర్పుకే వాలిందని మొదటినుంచీ ఆమె పంతం. పడమరకని మేనేజర్ వాదన. చార వాలిన వైపే బోరు వెయ్యాలి, ఇంకొక్కదానికే అనుమతి ఉంది. అదీ వట్టిపోతే క్యాంపు ఎత్తేస్తారు. ఆ తర్వాత ఆమె మాటకు పూచికపుల్ల విలువ కూడా ఉండదు.

ఆ కొండలో పలకరాయి పొరలన్నీ ఒకే వైపుకు వాలి ఉంటాయి. చార ఉన్న ముక్కను మామయ్య బాణం కిందికి ఉండేలా, ఆ ముక్క వచ్చిన బోరు ఎంత వాలుగా ఉందో అంతే వాలుగా స్టాండు మీద పెట్టి, అందులోని పొరలు కొండ పొరలతో కలిసేదాకా తిప్పింది. కలిశాయి. చార మాత్రం పడమరకే చూస్తోంది!

"ఇప్పుడేమంటావమ్మా?" అన్నాడు పక్కనే ఉన్న మేనేజర్.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఉక్రోషం కొద్దీ ముక్కను తలకిందులు చేసి మళ్లీ తిప్పింది. పొరలు అప్పుడూ చక్కగా కలిశాయి. చార తూర్పుకు తిరిగింది! అంటే తేల్చాల్సింది ఏ కొస కిందిదనే.

భూతద్దం తీసింది. ఒక కొసన చుట్టూ సన్నటి గీట్లు. కడ్డీని పైకి లాగేటప్పుడు డ్రిల్లు గొట్టం అడుగున ఉండే స్ప్రింగు రింగు కరిచిపట్టిన గుర్తులవి. కిందికొసనే పడతాయి. మామయ్య బాణం రెండో కొసను చూపిస్తోంది.

మామయ్యను షెడ్డుకు పిలిపించింది. "మామయ్యా, ఈ బాణం దేన్ని చూసి గీశావు?"

మామయ్య ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి అతికే ముక్క దొరకలేదే. అందాజుగా గీశాను."

"అందాజుగానా! నీ అందాజు నా కొంప ముంచేది!" అని కసిరింది గానీ నవ్వు ఆగలేదు.

మేనేజర్ కూడా గీట్లు చూశాడు. చాలాసేపు చూశాడు. "సరే, తూర్పునే వెయ్యండి" అన్నాడు ముక్తసరిగా.

ఆ బోరుకు మామయ్య మెషీన్ మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. కడ్డీ వెనక కడ్డీ, అంతా బూడిదరంగు పలకరాయే. ఆ తర్వాత పైకొచ్చిన కడ్డీని కడగగానే, చేతి వెడల్పున పసుపుపచ్చగా ధగధగలాడింది రాగి ఖనిజం!

గంభీరంగా ఉండాలనుకున్నదల్లా కేక పెట్టి, ఒళ్లంతా బురదతో ఉన్న మామయ్యను వాటేసుకుంది. ఆయన కళ్లు తుడుచుకోబోయి ముఖమంతా బురద చేసుకున్నాడు.

మేనేజర్ మ్యాపు తెచ్చి ఆమె ముందే పరిచాడు. "తర్వాతి బోరు ఎక్కడ వేద్దాం?"

ఇన్నాళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు.

"ఇంకా తూర్పుకు," అంది. "ఇంకా లోతుగా."