మైయాని సాగనంపిన రోజు

హీరాకాజీ నూడుల్స్‌లోకి క్యాబేజీ తరుగుతున్నాడు. పొట్టి మనిషి, నలభై ఆరేళ్లు, మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు. అరకు రైల్వేస్టేషన్ రోడ్డులోని ఆ ఫాస్ట్‌ఫుడ్ కొట్టులో పద్నాలుగేళ్లుగా అతనే వంటవాడు. సొంతూరు నేపాల్లో భక్తపూర్. ఇక్కడ అందరికీ ఉత్త కాజీ.

రైలు రావడానికి ఇంకా మూడు గంటలుంది. చేతులు కడుక్కుని యజమాని సర్వేశ్వరరావు దగ్గరికి వెళ్లాడు.

"రెండు గంటలు ఎల్లొస్తాను బాబూ. ఇయ్యాల మా పోయినోళ్ల పండగ."

"సరే. రైలు టైముకి వచ్చెయ్."

శ్రావణ పౌర్ణమి మర్నాడు భక్తపూర్‌లో, ఆ ఏడాది చావు జరిగిన ప్రతి ఇంటివాళ్లూ వెదురు గడలు నిలువుగా కట్టి, పోయినవాళ్ల బట్ట చుట్టి, ఫొటో తగిలించి ఊరేగిస్తారు. ఆ వెదురునే ఆవుగా భావిస్తారు. దాని వెంట ఆత్మ యముడి వాకిలి దాటుతుందని నమ్మకం. కాజీ భార్య మైయా మొన్న ఫాల్గుణంలో ఇక్కడే కామెర్లతో పోయింది. సొంతూళ్లో ఆమెకోసం వెదురెత్తేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

అద్దెగది వెనక మూడు గడలు కలిపి కట్టాడు. మైయా ఎర్రంచు నల్లచీర చుట్టి, చిరుగు కనపడకుండా లోపలికి మడిచాడు. పాస్‌పోర్టు సైజు ఫొటో కట్టి భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. భక్తపూర్‌లో అయితే డోళ్లు మోగుతాయి, జనం వాకిళ్లలో నిలబడి ఊరేగేవాళ్లకి పళ్లూ పాలూ పెడతారు. ఇక్కడ టూరిస్టులు ఇద్దరు ఫోన్లు ఎత్తారు. వెనక జీపు హారన్ కొట్టింది. తుంపరకి చీర తడిసి బరువెక్కింది. కాజీకి సిగ్గేసింది. అయినా నడిచాడు.

కొండవాగు మీది గెడ్డ వంతెన దగ్గర మొక్కజొన్న కంకులు ఉడకబెట్టి అమ్మే సోములమ్మ పిలిచింది.

"ఏటి కాజీ, ఏటి సేత్తన్నావు?"

చెప్పాడు. అంతా విని ఆమె బొడ్లో సంచిలోంచి ఆధార్ కార్డు తీసింది. కూతురు బేబిది. పంతొమ్మిదేళ్లప్పుడు కొండ దిగి రొయ్యల కంపెనీలో పనికెళ్లి జ్వరంతో పోయింది. కబురు అందేసరికి అక్కడే పూడ్చేశారు. మూడేళ్లయింది.

"నాకాడ దాని ఫొటో ఇదొక్కటే. మీ ఆడమనిషి పక్కన కట్టొచ్చా?"

కాజీ తటపటాయించాడు. "ఈ ఏడు పోయినోళ్లకేనప్పా."

"దానికి ఎవులం ఏటీ సెయ్యలేదు. నాకింకా ఆ ఏడే."

అతను గడలు దించి కార్డు కట్టాడు. ఆమె డేగిసా మీద మూత పెట్టి, గడల ఒక కొస తాను పట్టుకుంది. ఇద్దరూ సంతవీధి చివరిదాకా వెళ్లి వచ్చారు. దారిలో ఎవరో అడిగితే, "మా గుంటని, మా బేబిని పంపుతన్నాం" అంది సోములమ్మ.

వంతెన దగ్గరికి వచ్చాక ఆమె డేగిసాలోంచి రెండు వేడి కంకులు తీసి కొంగులో పట్టుకుని గెడ్డలోకి దిగింది. కాజీ కూడా దిగి, ఫొటో విప్పి జేబులో పెట్టుకున్నాడు, కార్డు ఆమెకిచ్చాడు. చీర మాత్రం విప్పలేదు. వెదురుని నీళ్లలో వదిలాడు. అది ఒక రాయికి తగిలి, అడ్డం తిరిగి, మలుపు దాటిపోయింది.

"ఎల్పోయినారా?"

"ఎల్పోయినారప్పా. ఇద్దరూ."

దూరంగా రైలు కూత వినపడింది. కాజీ పొయ్యి వెలిగించడానికి గబగబా గట్టెక్కాడు. సోములమ్మ కార్డు కొంగుతో తుడుచుకుని తనూ ఎక్కిపోయింది. గెడ్డ ఒడ్డున రాతిమీద ఆమె పెట్టిన రెండు కంకులనుంచి, ఆ తుంపరలో, ఇంకా సన్నగా ఆవిరి లేస్తోంది.